ఓడ మీద స్వీటు గది

గన్నియ్యకి గది పిచ్చండి. పేకాట పిచ్చి కాదు, కోడిపందేల పిచ్చి కాదు, గది పిచ్చి. మన పక్క లంకలోనే ఉంటాడు. ఏటి గట్టున రొయ్యల చెరువులూ, వెనకాల కొబ్బరితోటా, వాకిట్లో తెల్లకారూ, అన్నీ ఉన్నోడు. మేడ కట్టేడు, దాని మీద ఇంకో మేడ కట్టేడు, అదీ చాలక దాని నెత్తిన ఇంకో గది లేపేడు. ఆ పై గదిలో ఎవరుంటారంటే ఎవరూ ఉండరంట, పావురాలుంటాయి. మరెందుకు కట్టేవయ్యా అనడిగితే, ఉండనీండి, కనపడతాది కదా అన్నాడంట. ఎవరికి కనపడాలి? అదీ అసలు సంగతి. తోడల్లుడికి కనపడాలి. ఏం వరాలూ, నవ్వుతున్నావు, మీ ఇంట్లో లేరా తోడల్లుళ్ళు? చేతులు ఆపకండి, ఒలుస్తా వినండి, పొద్దుగూకే లోపల ఈ వేరుశనక్కాయల గుట్టంతా అవ్వాలి మరి.

ఏమైందంటే, గన్నియ్యకి కొత్తగా పెళ్ళయిన రోజుల్లో అత్తారింటికెళ్తే వీధి వైపు గది తీసేవారంట. ఆ గదిలో పందిరి మంచం, బూరుగుదూది పరుపు, అద్దమున్న బీరువా, పైన ఫ్యాను. ఆ వీధి మొత్తానికి ఫ్యానున్న గది అదొక్కటే అప్పట్లో. పొద్దున్నే గన్నియ్య తలుపు తీసుకుని బయటికొస్తే, అల్లుడుగారు లేచేరు, అల్లుడుగారు లేచేరని ఇల్లంతా పరుగులంట, ఒకరు వేడినీళ్ళు, ఒకరు కాఫీ. గన్నియ్యకి అది అలవాటైపోయింది. అలా ఉండగా రెండో పిల్లకి పెళ్ళయింది. పెద్దపిల్ల మంగాయమ్మ గన్నియ్య పెళ్ళాం, చిన్నపిల్ల సీతారత్నం. సీతారత్నాన్ని చేసుకున్నాయన పేరు తాతబ్బాయి, పంతులుద్యోగం, బక్కపలచటి మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటాడు. కొత్తల్లుడు మొదటి దసరాకొచ్చేడు. గన్నియ్యా వచ్చేడు. వచ్చి సంచీ పట్టుకుని తిన్నగా వీధి గదిలోకెళ్ళబోతే అత్తగారు గుమ్మం దగ్గర నిలబడిందంట. పెద్దల్లుడుగారూ, ఈ ఒక్కసారికీ కొబ్బరికాయల గదిలో సర్దుకోండి, కొత్తల్లుడు కదా, బాగోదు అందంట. సర్దుకోండి అన్న మాటకే గన్నియ్యకి సగం ప్రాణం పోయింది. మిగతా సగం ఎప్పుడు పోయిందంటే, కరణంగారింట్లోంచి కొత్తల్లుడి కోసం పట్టుగలీబు వేసిన పరుపు అరువు తెస్తుంటే చూసినప్పుడు. నాకేమో బూరుగుదూది, వాడికేమో కరణంగారి పట్టుపరుపా అనుకున్నాడంట.

సరే, కొబ్బరికాయల గుట్ట పక్కన నులకమంచం వేసేరు, పడుకున్నాడు. పొద్దున్నే అరుగు మీద కూచుని వేపపుల్ల నములుతుంటే తాతబ్బాయి వీధి గదిలోంచి వచ్చేడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయంట. కొత్తగా పెళ్ళయినోడి కళ్ళు అలాగే ఉంటాయి, అందులో వింతేముంది, కిసుక్కుమనకండర్రా. వచ్చి గన్నియ్య పక్కన కూచుని, చాలా మర్యాదగా, "అన్నయ్యగారూ, బాగా పట్టిందా నిద్ర?" అనడిగేడంట. అంతే. ఆ ఒక్క మాట. నా గదీ, నా మంచం తను లాక్కుని, మళ్ళీ బాగా పట్టిందా నిద్ర అనడుగుతాడా, ఎలుకల మధ్య పడుకోబెట్టి వెటకారమా అని గన్నియ్యకి అరికాలి మంట నెత్తికెక్కింది. వేపపుల్ల ఊసేసి, పెళ్ళాన్ని లేపి, బస్సెక్కేసేడు.

ఆ రోజు మొదలు గన్నియ్య అత్తారింట్లో నడుం వాల్చలేదు. పండగైనా, పెళ్ళయినా, చావైనా పొద్దున్నెళ్తాడు, భోంచేస్తాడు, సాయంత్రానికి పద అంటాడు. మంగాయమ్మనీ ఉండనివ్వడు. పాపం అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే మంచం మీద పెరిగినోళ్ళు, ఒకరి జడ ఒకరు అల్లుకున్నోళ్ళు, తీరా పెళ్ళిళ్ళయ్యాక ఒక్క రాత్రి పక్కపక్కన పడుకుని కబుర్లు చెప్పుకోడానికి లేకుండా పోయింది. ఈ చివర అక్క వడ్డిస్తుంటే ఆ చివర చెల్లెలు మంచినీళ్ళు పోస్తా, మాటలన్నీ సగంసగం. పిల్లలు పెద్దోళ్ళయిపోయారు, జుట్లు తెల్లబడిపోయాయి, ఆ మాటలు అలాగే సగంసగం ఉండిపోయాయి. మంగాయమ్మ మొగుణ్ణి ఎప్పుడూ అడగలేదంట, ఎందుకయ్యా నీకీ పంతం అని. అడిగితే చెప్పొద్దూ మరి? ఒక పరుపు కోసం అని ఏ మగాడు చెప్తాడు?

ఇహ ఓడ సంగతికొద్దాం. తాతబ్బాయి రిటైరయ్యేడు. సీతారత్నం ఏమందంటే, పుట్టి బుద్ధెరిగి సముద్రం హోరు వింటానే ఉన్నాం, ఒక్కసారైనా సముద్రం మీదకెళ్ళేమా అంది. విశాఖపట్నంలో ఎక్కితే తిప్పి తీసుకొచ్చే ఓడ ఒకటుందంట. ఎక్కడికెళ్తుందండీ అంటే ఎక్కడికీ వెళ్ళదంట. నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పి, తిండి పెట్టి, పాటలు పాడి, ఎక్కినచోటే దింపుతుందంట. దానికి డబ్బులు. మన రేవులో ఏరు దాటించే పంటు ఎక్కితే కనీసం అవతలి ఒడ్డుకైనా పోతాం. సరే, తాతబ్బాయి రెండు టిక్కెట్లు తీసుకున్నాడు, అన్నిటికంటే చవక రకం, ఓడ అడుగున, కిటికీ లేని గది. సీతారత్నం అక్కకి ఫోను చేసి, అక్కా నువ్వూ రావే, ఓడ మీంచి మా బావగారు సాయంత్రానికి పద అనలేరు కదా అందంట. చూసేరా ఎంత తెలివో. మంగాయమ్మ మొగుడితో ఏమీ దాచకుండా చెప్పింది, తాతబ్బాయిగారు ఓడెక్కుతున్నారంట, అడుగు గదంట అని. అడుగు గది అన్న మాట చెవిన పడగానే గన్నియ్య కళ్ళు మెరిసేయి. ఇన్నాళ్ళకి దొరికేడు అనుకున్నాడు.

తెల్లారేసరికి కారేసుకుని కాకినాడలో టిక్కెట్లమ్మే ఆఫీసుకి వెళ్ళిపోయేడు. ఆ ఓడలో అన్నిటికంటే పైనేముందయ్యా అన్నాడు. అక్కడున్నాయన, పైనా అండీ, పైన స్వీటుంటుందండీ, చాలా ఖరీదండీ అన్నాడు. గన్నియ్య ఒక్క క్షణం ఆలోచించేడంట. స్వీటా, స్వీటుతో పాటు హాటు ఉండదా అన్నాడు. ఆయన నవ్వి, గదిని స్వీటు అంటారండీ, పెద్దగదీ, ముందుగదీ, సొంత వరండా, మీకోసం విడిగా ఒక మనిషీ, విడిగా భోజనాల హాలూ, మీరు తప్ప ఎవరూ ఎక్కని లిఫ్టూ అని ఏకరువు పెట్టేడు. గన్నియ్య ఇవేవీ వినలేదండి. తాతబ్బాయి గది నెత్తిన ఎన్ని అంతస్తులుంటాయో అది చెప్పు అన్నాడంట. ఆయన బొమ్మ తీసి చూపించేడు. అడుగున ఇదీ, నెత్తిన ఇదీ. ఇక బేరం లేదు, ఏం లేదు. ఒక పంట రొయ్యలు మొత్తం ఆ గదిలో పోసేసేడు.

ఇంటికొచ్చి, స్వీటు గది తీసుకున్నానన్నాడు. మంగాయమ్మ గుండె మీద చెయ్యేసుకుని, నాకు షుగరు కదండీ, స్వీటు గది ఎందుకండీ, మామూలు గది తీసుకోకపోయేరా అందంట. పాపం ఆవిడ తప్పేముంది, స్వీటంటే మనకి స్వీటే కదా. ఊళ్ళో వాళ్ళూ అలాగే అనుకున్నారు. గన్నియ్య స్వీటు గదిలో వెళ్తున్నాడంట, గది నిండా స్వీట్లేనంట, గోడలకి కూడా అరలు కట్టి పెడతారంట, తిన్నోడికి తిన్నన్ని, మోసుకున్నోడికి మోసుకున్నన్ని అని రేవు దగ్గర మొదలైన మాట సంతకెళ్ళేసరికి లడ్డూలు కూడా లెక్కపెట్టేసేరు. వచ్చేప్పుడు మాకు తేవాలి అని ప్రతివాడూ అడగడమే. గన్నియ్య కాదని చెప్పొచ్చు కదా? చెప్పలేదు. చెప్తే స్వీటంటే ఏంటో మళ్ళీ వివరించాలి, అది వాడికే సరిగా తెలీదు. తెస్తాను, అందరికీ తెస్తాను అన్నాడంట.

ఓడెక్కేరు. రేవు దగ్గరే రెండు దార్లు. తాతబ్బాయీ సీతారత్నం పెట్టెలు మోసుకుంటా పెద్ద వరసలో నిలబడ్డారు. గన్నియ్యకీ మంగాయమ్మకీ ఎర్ర తివాచీ పరిచిన దారి. మెళ్ళో దండేసేరు, చేతిలో ఏదో రసం పెట్టేరు. గన్నియ్య దండతో వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నాడు, తాతబ్బాయి చూస్తున్నాడా లేదా అని. తాతబ్బాయి ముక్కు మీదకి జారిపోయిన కళ్ళజోడు తోసుకుంటా పెట్టె చక్రం ఊడిపోతే వంగి దాన్నెతుక్కుంటున్నాడంట. పైకెళ్ళి చూస్తే గది గది కాదు, కల్యాణమంటపం. ముందుగది, పడకగది, సోఫాలు, స్నానాలగదిలో మన కుడితిగాబులాంటిది తెల్లరాతిది, అందులో మనిషి పడుకుంటాడంట, పశువు కాదు. సూటేసుకున్న మనిషొకడు చేతులు కట్టుకుని నిలబడి ఏం కావాలి సార్ అంటాడు. గన్నియ్య అతనితో మొదటి మాట ఏమన్నాడో తెలుసా? స్వీట్లేవి అన్నాడు. అతను బుర్ర గోక్కుని వెళ్ళి, రాత్రి దుప్పటి సర్దేప్పుడు తలగడ మీద ఒక చాకలెట్టు పెట్టి పోయేడు. ఒక్కటంటే ఒక్కటి, బొటనవేలంత. గన్నియ్య చూసుకోక దాని మీదే తల పెట్టి పడుకున్నాడు. పొద్దున్న మంగాయమ్మ వేడినీళ్ళతో జుట్టు కడిగింది. స్వీటు గదిలో స్వీటు అంతే మరి, నెత్తికంటుకుంది గానీ నోటికందలేదు.

సరే, గది ఎంత బావుంటే ఏం, చూసేవాడుండాలి కదా. ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ లిఫ్టు ఎక్కాలంటే కార్డుండాలంట. కిందోళ్ళు వాళ్ళంతట వాళ్ళు పైకి రావడానికి లేదు, పైవాళ్ళు వెంటబెట్టుకు తీసుకొస్తే రావచ్చు. తాతబ్బాయీ, ఓసారి మా గది చూద్దువుగాని రా అంటే అయిపోయేది. గన్నియ్య అనడు. నేనెందుకు పిలవాలి, వాడే అడగాలి, అన్నయ్యగారూ మీ గది చూపిస్తారా అని నోరు తెరిచి అడగాలి, అప్పుడు చూపిస్తాను, చూసి బాగుందండీ అనాలి అని కూచున్నాడు. వాడి నోటి వెంట బాగుందండీ అన్న ఒక్క ముక్క కోసమే ఆ పంటంతా పోసింది. తాతబ్బాయేమో అడగడు. ఎందుకడగడంటే, అతనికి ధ్యాసే లేదండి. కింద మందితో పేకాటంట, అంత్యాక్షరంట, ఇరవై రకాల టిఫిన్లంట, ప్లేటు పట్టుకుని తిరగడంట. ఇంక వీడి గదెవడికి కావాలి? ఓ పూట గన్నియ్య ఆగలేక కిందకెళ్ళి, ఫోను తీసి, తీసిన ఫొటోలన్నీ తాతబ్బాయి ముందు పెట్టేడు, సోఫా, గాబు, వరండా, మంచం. తాతబ్బాయి కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే జాగర్తగా చూసి, "అన్నయ్యగారూ, ఇందులో మీరెక్కడున్నారండీ?" అన్నాడంట. ఎక్కడుంటాడు, ఏ ఫొటోలోనూ లేడు. గది ఒకటే ఉంది. గన్నియ్య ఫోను జేబులో పెట్టుకుని లిఫ్టెక్కేసేడు.

పైన భోజనాల హాలు విడిగా కదా. అక్కడ పళ్ళెం చెరువంత, అందులో కూర చెంచాడు. మాట్లాడితే వినపడతాదని ఎవరూ మాట్లాడరంట. మంగాయమ్మ ఆ చెంచాడూ తినేసి, ఇప్పుడే వస్తానండీ అని చెల్లెలి దగ్గరికి కిందకి పోయేది, పోతే పోయినట్టే. గన్నియ్య అంత గదిలో ఒక్కడూ. ఓ సోఫాలో కాసేపు కూచుంటాడు, లేచి ఇంకో సోఫాలో కూచుంటాడు. ఆ సూటాయన ఏం కావాలి సార్ అంటే, ఏం కావాలో చెప్తే మాత్రం అతను తేగలడా? సాయంత్రం వరండాలో నిలబడి కిందకి చూస్తే, దూరంగా అడుగు అంతస్తులో కటకటాల దగ్గర తాతబ్బాయి వేరుశనక్కాయలు తింటా కనిపించేడంట. గన్నియ్య కేకేసేడు, గాలికి కొట్టుకుపోయింది. తువ్వాలు తీసి ఊపేడు. ఊపగా ఊపగా తాతబ్బాయి తలెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకు చూసి, పెళ్ళాంతో, "పైన ఎవరో పాపం తువ్వాలారేసుకుంటున్నారు, ఎగిరిపోకుండా గట్టిగా పట్టుకోమను" అన్నాడంట. ఈ మాట మంగాయమ్మే వచ్చి మొగుడికి చెప్పింది, నవ్వుతా. ఆ తువ్వాలు తన మొగుడిదే అని ఆవిడకి తెలీదు. గన్నియ్య చెప్పలేదు. వాడికి నిజంగా ఏడుపొచ్చిందండి ఆ పూట. ఇన్నేళ్ళూ తాతబ్బాయి నెత్తిన గదుల మీద గదులు లేపేడు, తీరా వాడు తలెత్తి చూస్తే తువ్వాలొక్కటే కనపడింది.

మర్నాడు పన్నెండు దాటేక సముద్రం లేచింది. పెద్ద తుపానేం కాదు, కాస్త గాలి. కానీ ఓడ ఊగితే పైనెక్కువ ఊగుద్ది, అడుగున తక్కువ. ఇందులో మీకు చెప్పాల్సిందేముంది, కొబ్బరిచెట్లెక్కే మగాళ్ళున్న ఇళ్ళే కదా మీవన్నీ, గాలొస్తే మట్ట దగ్గరెలా ఉంటుందో, మొదట్లో ఎలా ఉంటుందో. గన్నియ్య మట్ట దగ్గరున్నాడు. సోఫా ఇటొస్తుంది, గాబులో నీళ్ళు అటెళ్తున్నాయి, పందిట్లో కట్టిన లాంతర్లలా దీపాలన్నీ ఊగుతున్నాయి. తిన్న చెంచాడు కూర మొదట వచ్చేసింది, తర్వాత పొద్దున్న తిన్నది, తర్వాత ఇంటి దగ్గర తిన్నది కూడా వచ్చేసేలా ఉంది. పెద్దమంచానికి రెండు చేతులూ వేసి కరుచుకుని, మంగా, నన్ను దింపెయ్యమను, ఎక్కడైనా దింపెయ్యమను అంటాడంట. సముద్రం మధ్యలో ఎక్కడ దింపుతారు? మంగాయమ్మకి ఏమీ కాలేదు, ఆడమనిషి, గట్టిది. కిందకెళ్ళి చూసి వచ్చి, అక్కడేం కదలడం లేదండీ, మా చెల్లి ఊరగాయేసుకుని అన్నం తింటా ఉంది, నువ్వు కిందకెళ్ళి పడుకో అంది. నువ్వు అంది చూడండి, ఎప్పుడూ అనదు. చచ్చినా వాడి గదిలో పడుకోను అన్నాడు గన్నియ్య. అప్పుడు ఓడ ఇంకో ఊపు ఊగింది. సరే పద అన్నాడు.

మంగాయమ్మ భుజం మీద చెయ్యేసుకుని దిగేడు. కార్డు పెళ్ళాం చేతిలో పెట్టేసేడు. పెట్టగానే ఆవిడేం చేసిందనుకున్నారు? సీతారత్నాన్ని రెక్క పుచ్చుకుని, లిఫ్టెక్కించుకుని పైకి పోయింది. అడుగు గదిలో ఇద్దరు తోడల్లుళ్ళూ మిగిలేరు. గదంటే గదా అది, రెండు మంచాలూ, మధ్యలో ఒక మనిషి అడ్డంగా నిలబడేంత చోటు. కిటికీ ఉండాల్సిన చోట తెర వేలాడదీసేరంట, తెర తీస్తే గోడ. చీకటి, చల్లన, కదలికే లేదు. తాతబ్బాయి తన మంచం మీద సామాను తీసేసి, అన్నయ్యగారూ, ఇక్కడ పడుకోండి, ఇదే బాగుంటుంది అని, నిమ్మకాయొకటి గిల్లి చేతిలో పెట్టి వాసన చూడమన్నాడు. గన్నియ్య వాసన చూస్తా వెల్లకిలా పడుకున్నాడు. కాసేపటికి కడుపు కుదుటపడింది. కుదుటపడ్డాక పాతదంతా పైకొచ్చింది. కడుపులోది మొత్తం కక్కేసేడు కదా, ఇక మిగిలింది అదొక్కటే.

"ఇంత చేస్తున్నావు గానీ తాతబ్బాయీ, ఆ రోజు నన్ను ఎందుకలా అన్నావయ్యా?" అన్నాడంట. ఏ రోజండీ అన్నాడు తాతబ్బాయి. దసరా. అత్తారిల్లు. వీధి గది నీకిచ్చేరు, నన్ను కొబ్బరికాయల్లో పడేసేరు, పొద్దున్నే వచ్చి బాగా పట్టిందా నిద్ర అని వెటకారం చేసేవు అని గన్నియ్య గోడకేసి తిరిగి చెప్పేడు. మొహం చూపించలేకపోయేడు. తాతబ్బాయి మెల్లగా, "వెటకారమా అన్నయ్యగారూ, ఆ పరుపు నిండా నల్లులండి" అన్నాడు. గన్నియ్య ఇటు తిరిగేడు. "కరణంగారింటి పరుపండి. దీపం తీసేసరికి బయల్దేరేయి. కొత్తల్లుణ్ణి, చెప్తే అత్తగారు చిన్నబుచ్చుకుంటారని రాత్రంతా కుర్చీలో కూచున్నాను. సీతారత్నం నేల మీద కూచుంది. మీ గదిలోంచి గురక వినపడుతుంటే, అబ్బ, ఎంత అదృష్టవంతుడు పెద్దల్లుడుగారు, ఆ నులకమంచం నాకిచ్చినా బాగుండేది అని కుళ్ళుకున్నానండి. అందుకే అడిగేను, నిజంగానే పట్టిందా అని." గన్నియ్యకా రాత్రి నిద్ర పట్టిందా? పట్టింది. హాయిగా పట్టింది. కొబ్బరి పీచు వాసనకి ఒళ్ళు తెలీకుండా పడుకున్నాడు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. తన గది ఎవడికిచ్చేరన్నదొక్కటే గుర్తుంది. నల్లుల మంచం కోసం పెళ్ళాం నోట్లో మాట సగంలో నొక్కేసి, రెండు మేడలూ ఒక ఓడా ఎక్కేడండి మనిషి. వాడికి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వితే కడుపు నెప్పి. నెప్పితోనే నవ్వుతా నవ్వుతా నిద్రలోకి జారిపోయేడు.

లేచేసరికి తాతబ్బాయి ఎదుటి మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూచుని, "అన్నయ్యగారూ, బాగా పట్టిందా నిద్ర?" అన్నాడంట. గన్నియ్య అతని కళ్ళలోకి చూసేడు. "పట్టింది తమ్ముడూ" అన్నాడు. తమ్ముడూ అనడం అదే మొదలంట.

అప్పట్నుంచి ఓడ దిగేదాకా గన్నియ్య పైకెళ్ళలేదు. పేకాటాడేడు, ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి గారెలు తిన్నాడు. పైన స్వీటు గది సంగతి ఏమైందంటే, అదంతా అక్కచెల్లెళ్ళదే. వరండాలో కూచుని ఒకరి తలకి ఒకరు నూనె రాసుకున్నారంట. గాబు నిండా నీళ్ళు పెట్టి కాళ్ళు నానేసుకున్నారంట. ఆ సూటాయన్ని ఒరే నాయనా అని పిలిస్తే అతను కాఫీ తెచ్చి, అమ్మా ఇంకేం కావాలి అనేవాడంట. సగంసగం మాటలన్నీ వరస పెట్టి పూర్తి చేసుకున్నారు. అమ్మకి జబ్బు చేసినప్పటి మాట, చిన్నదానికి పిల్లపోయినప్పటి మాట, పెద్దది ఎవరికీ చెప్పకుండా ఏడ్చిన మాట. ఓడ ఎంత ఊగినా వాళ్ళకి తెలీలేదంట. చాకలెట్లు ఇద్దరివీ సీతారత్నమే తింది, అక్కకి షుగరు కదా.

ఇంటికొచ్చే దార్లో గన్నియ్యకి గుండెల్లో రాయి పడింది, స్వీట్లేవీ అని ఊరంతా అడుగుతాది కదా. తాపేశ్వరంలో కారాపి, పెద్ద బుట్ట నిండా కాజాలు కొన్నాడు. పెట్టెల మీద కొట్టు పేరు కాగితాలు చింపి పారేసేడంట. ఊళ్ళోకొచ్చి ఓడ స్వీట్లు అని పంచేడు. మనోళ్ళు కాజా ఎరగరా? ఒక ముసలాయన కొరికి, చప్పరించి, ఓడలో కూడా పాకం మన తాపేశ్వరం లాగే పడతారన్నమాట అన్నాడు. అందరూ నవ్వేరు. ఆ నవ్వులో ఎవడో అడిగేడు, అయితే గన్నియ్యా, గదెలా ఉంది, చెప్పవేం అని. గన్నియ్య ఏం చెప్తాడు, పడుకున్నది అడుగు గదిలో. అదే కారులో వచ్చిన తాతబ్బాయి పక్కనే ఉన్నాడు. కళ్ళజోడు తీసి తువ్వాల్తో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నలుగురికీ వినపడేలా, "మా అన్నయ్యగారి గదాండీ? అలాంటి గది నేను పుట్టి చూళ్ళేదండీ" అన్నాడంట. అబద్ధమా? కాదు. చూళ్ళేదు కదా. ఒక్కనాడూ లిఫ్టెక్కలేదు. ఆ మాట కోసమే కదండీ ఇన్నేళ్ళూ ఇన్ని గదులూ, చివరికి ఆ మాట ఊరందరి ముందూ వచ్చింది. గన్నియ్య కాజా నోట్లో పెట్టుకుని తలొంచుకున్నాడంట, పాకం గడ్డం మీదకి కారుతున్నా తుడుచుకోలేదు.

ఇప్పుడు మీరడుగుతారు, ఇంతకీ అంత డబ్బూ పోసి స్వీటు గది తీసుకోవచ్చా అని. తీసుకోవచ్చు. డబ్బు మీ ఆయన పోసి, గదిలో మీరూ మీ చెల్లెలూ ఉండేటట్టయితే అంత మంచి గది ఇంకోటి లేదు. మొన్న దసరాకి కూడా అత్తారింటికి రెండు జంటలూ వెళ్ళేరు, నాలుగు రోజులున్నారంట. వీధి గదీ పందిరి మంచం అక్కచెల్లెళ్ళకి. మగాళ్ళిద్దరూ కొబ్బరికాయల గది నాదంటే నాదని, నులకమంచం ఒకటే ఉందని దెబ్బలాడుకుంటుంటే ముసలత్తగారు నోట్లో కొంగు పెట్టుకుంది. పాపం ఆవిడకేం తెలుసు. ఆ రోజు ఆ పరుపు ఒక్క పూట ఎండలో పడేసుంటే ఇంత కత లేకపోను. ఎండకి ఎవడూ టిక్కెట్టడగడు. వరాలూ, ఆ చివరున్న బస్తా ఇలా లాగు, ఇంకా సగం గుట్ట అలాగే ఉంది.